ఇన్కా రాజులు అంత పెద్ద రాజ్యాన్ని ఎలా ఏలారు? పిల్లలు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇన్కాలు అంటే ఎవరు? ఎక్కడ ఉండేవారు?

ముందు పేరు సంగతి. తెలుగులో "ఇంకా" అంటే "మరికొంత" అనే అర్థం కూడా ఉంది కదా, తికమక పడకుండా ఇక్కడ "ఇన్కా" అని రాస్తున్నాం.

దక్షిణ అమెరికా పడమటి అంచున, సముద్రానికి సమాంతరంగా ఆండీస్ అనే పర్వతాల వరుస ఉంది. అందులో సుమారు 3,400 మీటర్ల ఎత్తున ఉన్న కుస్కో అనే ఊరు ఇన్కాల రాజధాని. ఇప్పుడది పెరూ దేశంలో ఉంది. 1438 ప్రాంతంలో పచకూటి అనే రాజు చుట్టుపక్కల రాజ్యాలను గెలవడం మొదలుపెట్టాడు. ఆయన కొడుకు తుపాక్ ఇన్కా, మనవడు వైనా కపాక్ ఆ పని కొనసాగించారు. వంద సంవత్సరాలైనా నిండకముందే రాజ్యం ఉత్తరం నుంచి దక్షిణానికి దాదాపు 4,000 కిలోమీటర్లు పరుచుకుంది. జనాభా కోటి పైనే ఉంటుందని చాలామంది చరిత్రకారుల అంచనా.

మన విజయనగరంలో కృష్ణదేవరాయలు ఏలుతున్న రోజుల్లోనే అక్కడ వైనా కపాక్ రాజ్యం చేస్తున్నాడు. వీరి సంగతి వారికి తెలియదు, వారి సంగతి వీరికి తెలియదు.

అంత రాజ్యానికి ఒక్కడే రాజా?

ఒక్కడే. ఆయన్ని "సాపా ఇన్కా" అనేవారు. ఏకైక ఇన్కా అని అర్థం. ఆయన సూర్యుడి కొడుకని ప్రజలకు చెప్పేవారు. మన రాజులకు కిరీటం ఎలాగో, ఆయనకు నుదుటి మీద వేలాడే ఎర్ర ఉన్ని కుచ్చు అలాగ.

ఒక్కడే అన్నీ చూసుకోలేడు కాబట్టి రాజ్యాన్ని నాలుగు దిక్కులుగా విడదీశారు. రాజ్యం పేరే "తవాంతిన్‌సుయు", అంటే కలిసి ఉన్న నాలుగు భాగాలు. ఒక్కో భాగానికి ఒక పెద్ద, సాధారణంగా రాజుగారి దగ్గరి బంధువే. ఆ భాగాల్లో మొత్తం 80 వరకు జిల్లాల్లాంటివి ఉండేవి. ఒక్కో దానికి ఒక పాలకుడు. అతన్ని "తొక్రికోక్" అనేవారు, "అన్నీ చూసేవాడు" అని అర్థం. ఇన్ని పదవులకు అసలు ఇన్కా కుటుంబాల మనుషులు చాలలేదు. అందుకని కుస్కో చుట్టుపక్కల తెగలకు కూడా "మీరూ ఇన్కాలే" అని హోదా ఇచ్చి, పదవుల్లోకి తీసుకున్నారు.

ఇక ఊళ్లలో? అక్కడ పాత పెద్దలనే ఉంచారు. వాళ్లను "కురాకా"లు అంటారు. ఓడిపోయిన రాజు లొంగిపోతే అతన్నే కురాకాగా కొనసాగించి, మంచి బట్టలు, బహుమతులు ఇచ్చి, అతని కొడుకును మాత్రం కుస్కోకు తీసుకెళ్లేవారు. ఆ పిల్లవాడు అక్కడ క్వెచువా భాష, ఇన్కాల పద్ధతులు నేర్చుకునేవాడు. అది చదువూ, జామీనూ రెండూ. తండ్రి తిరగబడితే కొడుకు వాళ్ల చేతిలోనే ఉన్నాడు మరి.

పదేసి కుటుంబాలకు ఒక పెద్ద ఉండేవాడట, నిజమేనా?

నిజమే. ఇన్కాల పాలనకు వెన్నెముక లెక్కపెట్టడం. వాళ్లు పొలాల కన్నా, బంగారం కన్నా ముందు మనుషుల్ని లెక్కపెట్టేవారు. పెళ్లయి, పని చేయగల వయసులో ఉన్న మగవాడి కుటుంబాన్ని ఒకటిగా లెక్కేసి, పదుల్లో కట్టలు కట్టేవారు:

- 10 కుటుంబాలు: చుంకా
- 50: పిచ్కా చుంకా
- 100: పచాకా
- 500: పిచ్కా పచాకా
- 1,000: వరాంకా
- 5,000: పిచ్కా వరాంకా
- 10,000: హును

"పిచ్కా" అంటే క్వెచువా భాషలో ఐదు. ఐదు పదులు, ఐదు వందలు, ఐదు వేలు అన్నమాట. ప్రతి కట్టకూ ఒక పెద్ద. పది వేల కుటుంబాలకు ఎంతమంది పెద్దలు కావాలో మీరే లెక్కేయండి: 1 + 2 + 10 + 20 + 100 + 200 + 1,000. మొత్తం 1,333. నూరూ అంతకు పైబడిన పెద్దల పదవులు చాలాచోట్ల వంశపారంపర్యం. పది, యాభై కుటుంబాల పెద్దల్ని మాత్రం మామూలు జనంలోంచే ఎంచేవారు.

ఇది కాగితం మీద లెక్కలా చక్కగా కుదిరిందా అంటే, లేదు. నిజం ఊళ్లలో కుటుంబాలు సరిగ్గా నూరు ఉండవు. తొంభై ఉన్నా, నూట పది ఉన్నా "పచాకా" అనే అనేవారు. కొత్తగా గెలిచిన ఉత్తరాది ప్రాంతాల్లో ఈ పద్ధతి సగం సగంగానే అమలైంది.

వాళ్లకు రాత రాదు కదా, ఈ లెక్కలన్నీ ఎక్కడ పెట్టుకునేవారు?

తాళ్ల మీద! దాని పేరు "కిపు". ఒక లావు తాడు అడ్డంగా, దానికి సన్నటి తాళ్లు వరుసగా వేలాడుతూ ఉంటాయి. నూలుతోనో, అక్కడ పెంచే లామా లేదా అల్పాకా అనే జంతువుల ఉన్నితోనో పేనేవారు. వేలాడే తాళ్ల మీద ముడులే అంకెలు. చదివే ఉద్యోగిని "కిపుకమాయోక్" అంటారు.

అంకెల పద్ధతి మనదే, పదుల పద్ధతి. తాడు కింది కొసన ఒకట్లు, దానికి పైన పదులు, ఆ పైన వందలు, అన్నిటికన్నా పైన వేలు. పదులు, వందలు, వేల స్థానాల్లో మామూలు ముడులు వేస్తారు. మూడు వందలైతే మూడు ముడులు పక్కపక్కన. ఒకట్ల స్థానంలో మాత్రం వేరే రకం ముడి: తాడును ఉచ్చులోంచి ఎన్నిసార్లు చుడితే అంత అంకె. ఐదు చుట్లయితే ఐదు. ఒక్క చుట్టు చుడితే అది మామూలు ముడే అయిపోతుంది, అందుకని "1" కోసం ఎనిమిది ఆకారంలో ఉండే ముడి వేస్తారు. ఒకట్లకు ఇలా వేరే ముడి ఎందుకంటే, సంఖ్య ఇక్కడితో అయిపోయిందని తెలియడానికి. అప్పుడు ఒకే తాడు మీద ఒకదాని కింద ఒకటి రెండు మూడు సంఖ్యలు కట్టినా కలిసిపోవు.

సున్నాకు ముడి లేదు, ఖాళీయే సున్నా.

నేను ఇంట్లో కిపు చేయొచ్చా?

చేయొచ్చు. కావలసినవి: 40 సెంటీమీటర్ల లావు తాడు ఒకటి, 50 సెంటీమీటర్ల సన్నటి నూలు తాళ్లు నాలుగు, ఒక స్కేలు. జారిపోయే నైలాన్ తాడు వద్దు, ముడి నిలవదు.

లావు తాడును రెండు కుర్చీల మధ్య కట్టండి. సన్నటి తాళ్లను దానికి వేలాడదీయండి. పై నుంచి 5 సెంటీమీటర్ల దగ్గర వందలు, 13 దగ్గర పదులు, 21 దగ్గర ఒకట్లు. అన్ని తాళ్లకూ ఇవే కొలతలు. మొదటి తాడు మీద 352 కట్టండి: పైన మూడు మామూలు ముడులు, మధ్యలో ఐదు, కింద రెండు చుట్ల ముడి ఒకటి. రెండో తాడు మీద 305: పైన మూడు, మధ్యలో ఖాళీ, కింద ఐదు చుట్ల ముడి. మూడో తాడు మీద మీ తరగతిలో ఎంతమంది ఉన్నారో కట్టండి. నాలుగో తాడు మీద ఈ మూడింటి మొత్తం. నిజం కిపుల్లో కూడా కొన్నిటికి ఇలా మొత్తం చూపే తాడు ఉంటుంది.

పిల్లలు ఎక్కువగా తప్పేది రెండు చోట్ల. ఒకటి, కింది నుంచి కట్టుకుంటూ వస్తారు. ముడి పడగానే తాడు పొట్టిదవుతుంది, కింద ముందే వేసిన ముడి పైకి జరిగిపోతుంది. అందుకని ఎప్పుడూ పై నుంచి కిందికి కట్టాలి, ప్రతి ముడికీ మళ్లీ పై నుంచే కొలవాలి. రెండోది, ఖాళీ వదలడం మరిచిపోతారు. అప్పుడు 305 కాస్తా 35గా చదువుతాం. పన్ను లెక్కలో అలా జరిగితే ఎంత గొడవో ఊహించుకోండి!

ఇన్కాల రాజ్యంలో డబ్బే లేదట. మరి పన్ను ఎలా కట్టేవారు?

పని చేసి కట్టేవారు. దాన్ని "మిటా" అంటారు, "వంతు" అని అర్థం.

ప్రతి ఊళ్లోనూ పొలాలు మూడు రకాలు: సూర్యుడి గుడివి, రాజువి, ఊరివి. ఊరి వాళ్లు మూడింటినీ దున్నాలి. తమ వంతు పొలంలో పండిన గింజ ఒక్కటి కూడా రాజుకు ఇవ్వనక్కరలేదు. రాజు పొలంలో పండింది మాత్రం అంతా రాజుదే. ఇది కాక, కొంతమంది వంతులవారీగా ఊరు దాటి వెళ్లి రోడ్లు వేయాలి, గోడలు కట్టాలి, గనుల్లో తవ్వాలి, సైన్యంలో నడవాలి. ఇంట్లో ఉన్న ఆడవాళ్లు, మగవాళ్లు రాజుగారి ఉన్నితో బట్ట నేయాలి. ఉన్ని రాజుది, పని వాళ్లది.

ఉదాహరణ చూద్దాం. ఇప్పటి పెరూలోని వనుకో ప్రాంతంలో చుపాచు అనే జనం ఉండేవారు. ఇన్కాల కాలంలో తాము ఏ పనికి ఎంతమందిని పంపామో వాళ్లు 1549లో కిపు చూసి స్పెయిన్ అధికారులకు చదివి వినిపించారు. గోడలు కట్టడానికి కుస్కోకు 400 మంది, బంగారం తీయడానికి 120 మంది, ఇలా తేనె పట్టేవాళ్ల దాకా సాగుతుంది ఆ జాబితా.

ఒక మనిషి మిటాకు వెళ్తే ఇంటి దగ్గర అతని పొలం ఎవరు చూస్తారు? "ఐల్యు" చూస్తుంది. ఐల్యు అంటే ఒకే పూర్వీకుడి సంతానమని చెప్పుకునే, భూమిని కలిసి అనుభవించే బంధువుల గుంపు.

ఇది మన దగ్గరి వెట్టిచాకిరీ లాంటిదే కదా?

మంచి ప్రశ్న. సగం అవును, సగం కాదు.

"నేను రాను" అనే హక్కు ఎవరికీ లేదు. అంతవరకు వెట్టే. కానీ వెట్టిలో దొర ఏమీ తిరిగి ఇవ్వడు. ఇన్కా రాజు మాత్రం పనికి వచ్చినవాళ్లకు తిండి, పనిముట్లు ఇవ్వాలి, విందు చేయాలి. విందులో తప్పకుండా ఉండాల్సింది "చిచా", మొక్కజొన్నను మొలకెత్తించి, రుబ్బి, కాచి, పులియబెట్టిన పెద్దవాళ్ల పానీయం. విందు లేకుండా పని అడిగితే రాజుకు మర్యాద దక్కదు. చిచా కొద్ది రోజులకే పాడైపోతుంది, దూరం మోసుకెళ్లలేం. అందుకే ప్రతి పెద్ద కేంద్రంలోనూ దాన్ని అక్కడికక్కడే కాచడానికి మనుషులు కావాలి. ఈ పని కోసం, సన్నటి బట్టలు నేయడం కోసం, ఊళ్లలోంచి ఎంపిక చేసిన ఆడపిల్లలు ఉండేవారు. వాళ్లను "అక్ల్యా"లు అంటారు. వాళ్లను చిన్నప్పుడే ఇంటి నుంచి తీసుకెళ్లేవారు. రమ్మంటే వెళ్లాల్సిందే.

తరువాత స్పెయిన్ వాళ్లు ఇదే "మిటా" పేరుతో జనాన్ని పొతోసి వెండి గనుల్లోకి తోలారు. పేరు మిగిలింది, విందు పోయింది.

అంతమందికి తిండి ఎక్కడి నుంచి వచ్చేది?

"కోల్కా"ల నుంచి. ఇవి రాతితో కట్టిన గిడ్డంగులు, కొండవాలు మీద వరుసగా ఉంటాయి. కొండవాలే ఎందుకు? గాలి ఆడుతుంది, చల్లగా ఉంటుంది, వాన నీరు నిలవదు. వనుకో పంపా అనే కేంద్రంలో దాదాపు 500 కోల్కాలు, ఇప్పటి బొలీవియా దేశంలో ఉన్న కోచబంబా లోయలోని కొటపాచీలో 2,400 బయటపడ్డాయి. వనుకో పంపాలో గుండ్రటివి ఎక్కువగా మొక్కజొన్నకు, పొడవాటివి దుంపలకు వాడారని తవ్వకాల్లో తేలింది.

దుంపలంటే ముఖ్యంగా బంగాళాదుంప. మన ఇంట్లో వేపుడు చేసే ఈ ఆలుగడ్డ పుట్టిల్లు ఆండీస్ కొండలే. కానీ పచ్చి దుంప కొన్ని నెలలకు మొలకెత్తుతుంది, కుళ్లుతుంది. దానికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం "చున్యో". ఇప్పటికీ ఇలాగే చేస్తున్నారు:

చలికాలం, అంటే అక్కడ జూన్, జులై నెలల్లో, ఎత్తైన మైదానంలో చిన్న దుంపల్ని నేల మీద ఒకదాని పక్కన ఒకటిగా పరుస్తారు. రాత్రి గడ్డకడతాయి, పగలు ఎండకు కరుగుతాయి. కొన్ని రోజులు ఇలా జరిగాక దుంప మెత్తబడుతుంది. అప్పుడు కాళ్లతో తొక్కి నీరు పిండేస్తారు, తొక్క కూడా ఊడుతుంది. తరువాత కొన్ని రోజులు బాగా ఎండబెడతారు. గులకరాయిలా గట్టిగా, బెండులా తేలికగా అవుతుంది, ఏళ్ల తరబడి నిలవుంటుంది. తినేముందు నానబెట్టి ఉడికిస్తే చాలు. రాత్రి మబ్బు పట్టి మంచు గడ్డకట్టకపోతే మాత్రం దుంపలన్నీ పాడవుతాయి, శ్రమంతా వృథా.

సైన్యం ఆకలి తీర్చడానికైనా, పంట పోయిన ఊరిని ఆదుకోవడానికైనా ఈ గిడ్డంగులే దిక్కు.

రాజుగారి కబురు 2,000 కిలోమీటర్ల దూరం ఎలా వెళ్లేది?

పరుగెత్తి! గుర్రాలు లేవు కదా. దారి పొడవునా కొన్ని కిలోమీటర్లకొక చిన్న గుడిసె, అందులో "చాస్కి" అనే పరుగుల మనుషులు. ఒకడు శంఖం ఊదుకుంటూ పరుగెత్తుకొస్తాడు. ఆ చప్పుడు విని తరువాతివాడు సిద్ధంగా నిలబడతాడు. ఇద్దరూ కాసేపు పక్కపక్కనే పరుగెడుతూ కబురు నోటితో చెప్పుకుంటారు, కిపు చేతులు మారుతుంది. గంటకు 10 కిలోమీటర్లు, రాత్రింబవళ్లు 24 గంటలు అంటే రోజుకు 240 కిలోమీటర్లు. ఒక్కడు అంత దూరం పరుగెత్తలేడు. దూరాన్ని ముక్కలు చేయడంలోనే ఉంది కిటుకంతా.

వాళ్లు పరుగెత్తిన దారుల పేరు "కపాక్ న్యాన్". అన్నీ కలిపితే 30,000 కిలోమీటర్లకు పైనే. 2014లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇప్పుడది ఆరు దేశాల్లో ఉంది. ఒక రోజు నడక దూరానికొక "తంబో", అంటే సత్రం లాంటిది, పక్కనే గిడ్డంగులు. ఒక్క మాట: ఈ దారులు అందరివీ కావు. రాజు పని మీద వెళ్లేవాళ్లకే. మామూలు మనిషి అనుమతి లేకుండా నడవకూడదు.

చక్రం ఎందుకు వాడలేదు?

బండి లాగే ఎద్దూ, గుర్రమూ అక్కడ లేవు. లామా 25, 30 కిలోలు మోస్తుంది కానీ బండి లాగదు. పైగా వాళ్ల దారుల్లో సగం మెట్లే!

లోయల్ని ఎలా దాటేవారు?

గడ్డితో పేనిన వంతెనల మీద. అపురీమాక్ నది మీద కెస్వచాకా అనే వంతెన ఇప్పటికీ ఉంది, 28 మీటర్ల పొడవు. చుట్టుపక్కల నాలుగు ఊళ్లవాళ్లు ప్రతి జూన్‌లో పాతది కోసి నదిలో పడేసి, కొత్తది కడతారు. గడ్డిని నీళ్లలో నానబెట్టి, రాయితో కొట్టి, ప్రతి కుటుంబమూ సన్నటి తాడు పేనుకొస్తుంది. సన్నవి కలిపి మధ్యరకం, అవి కలిపి తొడంత లావు మోకులు. నడవడానికి నాలుగు, చేత్తో పట్టుకోవడానికి రెండు. కుటుంబానికొక తాడు చొప్పున లెక్కగా పంచుకోవడం చూస్తే మిటా అంటే ఏమిటో తేలిగ్గా అర్థమవుతుంది.

ప్రతి ఏడూ ఎందుకు? వానకు గడ్డి చీకుతుంది, బరువుకు సాగుతుంది. కరోనా వల్ల 2020లో కట్టలేదు. 2021 మార్చిలో వంతెన తెగి నదిలో పడింది. జూన్‌లో మళ్లీ కట్టారు.

ఎవరైనా తిరగబడితే?

తిరగబడ్డారు, చాలాసార్లే. ఇన్కాల జవాబు రెండు రకాలు. యుద్ధం మొదటిది, అందులో వాళ్లు జాలి చూపరు. రెండోది ఊళ్లకు ఊళ్లనే తరలించడం. తిరగబడే జనాన్ని వందల కిలోమీటర్ల దూరం తీసుకెళ్లి, నమ్మకమైన జనం మధ్య పెట్టేవారు. నమ్మకమైనవాళ్లను తెచ్చి వీళ్ల చోట ఉంచేవారు. ఇలా కదిలించినవాళ్లను "మిట్మా"లు అంటారు. తమ తెగ బట్టలు, తలపాగా మార్చకూడదని వాళ్లకు నియమం. ఎవరు ఎక్కడివాళ్లో చూడగానే తెలియాలి కదా.

అందరినీ శిక్షగా కదిలించలేదు. వైనా కపాక్ కోచబంబా లోయలో మొక్కజొన్న పండించడానికి ఎన్నో తెగలకు చెందిన 14,000 మందిని పంపాడు. పండిన గింజ సైన్యానికి. ఏ తెగ ఏ చాలు దున్నాలో కూడా లెక్కే.

పిల్లలు కూడా పని చేసేవారా?

చేసేవారు. జనాభా లెక్కలో వయసును బట్టి గుంపులుండేవి. తొమ్మిదీ పన్నెండేళ్ల మధ్య మగపిల్లలు వల పన్ని పిట్టల్ని పట్టేవారు, ఈకలు రాజుగారి బట్టలకు. ఆడపిల్లలు రంగులకు పనికొచ్చే పూలూ ఆకులూ ఏరేవారు. ఇంకాస్త పెద్దయితే లామాలు కాయడం. మామూలు పిల్లలకు బడి లేదు.

ఇంత పకడ్బందీ రాజ్యం కొద్దిమంది స్పెయిన్ వాళ్ల చేతిలో ఎలా పడిపోయింది?

అందరూ తుపాకులు, గుర్రాలు అంటారు. అవీ ఉన్నాయి, కానీ అసలు బలహీనత ముందే ఉంది.

ఇన్కాల్లో పెద్దకొడుకే రాజు కావాలన్న నియమం లేదు. పైగా చనిపోయిన రాజు ఆస్తి కొత్త రాజుకు రాదు. పాత రాజు శరీరాన్ని చెడిపోకుండా భద్రపరిచి, ఆయన భూములు, ఇళ్లు ఆయన పేరు మీదే ఉంచి, మిగతా సంతానం చూసుకునేవారు. పండగలకు ఆయన్ని కూడలిలోకి తెచ్చి భోజనం కూడా పెట్టేవారు! కొత్త రాజు తన ఆస్తి తాను సంపాదించుకోవాలి, అంటే కొత్త భూములు గెలవాలి లేదా వేరేవాళ్ల దగ్గర లాక్కోవాలి.

1527 ప్రాంతంలో వైనా కపాక్ చనిపోయాడు. సముద్రం దాటి వచ్చిన మశూచి వల్లేనని ఎక్కువమంది నమ్మకం. ఆయన కొడుకులు వాస్కర్, అటవాల్పా రాజ్యం కోసం కొట్టుకున్నారు. అటవాల్పా గెలిచీ గెలవగానే, 1532 నవంబర్ 16న, కహమార్కా ఊళ్లో పిజారో అనే స్పెయిన్ సేనాని 168 మందితో వచ్చి అతన్ని మోసంతో పట్టుకున్నాడు. ఒక గదిని బంగారంతో నింపితే వదిలేస్తానన్నాడు. బంగారం తీసుకుని 1533 జులైలో చంపేశాడు. అన్నీ పై నుంచి నడిచే రాజ్యంలో పైవాడు దొరికిపోతే కిందివాళ్లకు ఆజ్ఞ ఇచ్చే దిక్కుండదు. కన్యారీ, వాంకా లాంటి జనాలకు ఇన్కాల మీద పాత కోపం ఉండటంతో వాళ్లు స్పెయిన్ పక్షాన నిలిచారు.

కిపులన్నీ ఏమయ్యాయి?

1583లో లిమాలో జరిగిన క్రైస్తవ మత సభ వాటిని నాశనం చేయమంది. అయినా వెయ్యికి పైగా మ్యూజియాల్లో మిగిలాయి. చాలావాటిలో ఉన్నవి అంకెలని 20వ శతాబ్దం మొదట్లో తేల్చారు. కొన్నిటిలోని ముడులు మాత్రం ఆ పద్ధతికి లొంగలేదు.

ఈ వాంకాల కథ ఒకటి చెప్పాలి. పిజారో సైన్యం హౌహా లోయకు వచ్చిన రోజు నుంచీ, తాము వాళ్లకు ఇచ్చిన లామాలు, మొక్కజొన్న, బట్టలు, కుండలు, మోసిన కూలీలు అన్నీ వాంకా పెద్దలు కిపుల మీద కట్టుకుంటూ పోయారు. స్పెయిన్ వాళ్లు అడిగి తీసుకున్నది వేరుగా, దోచుకున్నది వేరుగా కట్టారు. రాజు లేడు, కుస్కో లేదు, అడిగేవాడు లేడు, అయినా లెక్క ఆపలేదు. 1561లో లిమాలోని స్పెయిన్ న్యాయస్థానానికి ఆ కిపులు పట్టుకెళ్లి, తాడు తాడూ చదివి, "ఇదీ మీ బాకీ" అన్నారు. న్యాయస్థానం గుమస్తాలు ఆ అంకెలన్నీ కాగితం మీదికి ఎక్కించుకున్నారు.